బయలుదేరవలసినవారి విశ్రాంతి



మాఘ పౌర్ణమి సముద్రస్నానం ముగించుకొని, తడి బట్టలు ఆరకముందే ఈ ఆలయ ప్రాంగణంలో కూర్చున్నారు. ఇటువంటి పుణ్యదినాన విమానాశ్రయం ఊసెత్తితే, వేదం చెప్పుకొనే వృద్ధునికి ఇదేమి ప్రసంగమని మీకు తోచవచ్చు. కాని బయలుదేరే ఘడియ కోసం వేచి ఉండటమంటే ఏమిటో ఈ పూడిమడక తీరవాసులకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. మా వలన జరిగిన ఒక పొరపాటును మీ ఎదుట చెప్పుకోవడం ఉచితమని తలచాము.

2024వ సంవత్సరం కార్తీకమాసంలో హైదరాబాదు నుండి మాకు కబురు వచ్చింది. బాల్యంలో ఒకే పాఠశాలలో, ఒకే గురువుగారి పాదాల చెంత మాతో కలిసి చదువుకొన్న ఘనపాఠిగారు మంచం పట్టారు. “నాన్నగారు మిమ్మల్నే తలుస్తున్నారు. మీతో కలిసి ఒక్క పన్నం ఘన చెప్పుకోవాలంటున్నారు” అని వారి కుమారుడు ఫోనులో అన్నాడు. రైలులో వెళితే ఆలస్యమవుతుందని మా మనుమడు ఆనాటి సాయంకాలానికే విమానం టిక్కెట్లు తీసి, తానూ వెంట వచ్చాడు.

నౌకాదళంవారి ‘డేగ’ స్థావరంలోని విశాఖపట్నం విమానాశ్రయానికి రెండు గంటల ముందే చేరాము. తనిఖీలు ముగిశాక మనుమడు మమ్మల్ని లాంజ్ అనే విశ్రాంతి మందిరానికి తీసుకొనిపోయాడు. తన బ్యాంకు కార్డు గీయించి తాను, రొక్కం చెల్లించి మేము లోపలికి వెళ్ళాము. కార్డు గలవానికి అది ఉచితమన్నారు. విచారిస్తే, అతని తరఫున బ్యాంకువారు సొమ్ము కడతారని తెలిసింది. ఉచితమనే మాట వెనుక ఎవరో ఒకరు చెల్లిస్తూనే ఉంటారు.

ఇటువంటి మందిరం 1939లో న్యూయార్కు లాగ్వార్డియా విమానాశ్రయంలో ఒక విమాన సంస్థ తన ముఖ్య అతిథుల కోసం తెరిచింది. బాటసారికి నీడ చూపడం మనకు కొత్త కాదు. గోదావరి సీమలో లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళగాని వేళ వచ్చినవారికి కూడా వండి పెట్టింది. ఆ తల్లి ఆకలినే చూసింది; ఇక్కడ కార్డును చూస్తారు. అంతమాత్రాన లాంజ్‌ను నిందించడం మా ఉద్దేశం కాదు. ముసలి ఒంటికి అక్కడ హాయి కలిగిన మాట నిజం.

మేము బయట వండిన అన్నం ముట్టము. ఒక అరటిపండు, గ్లాసెడు పాలు పుచ్చుకొని మెత్తని కుర్చీలో ఒరిగాము. చల్లని గాలి వీచింది. కన్ను మూతపడింది. మనుమడు చేతిలోని ఫోనులో మునిగిపోయాడు. ఆ మందిరంలో విమానాల పిలుపులు వినిపించవు. వేళలు చూపే పలక మా వెనుక గోడకు ఉన్నది. విమానం కదలడానికి సుమారు ఇరవై, ఇరవై అయిదు నిమిషాల ముందే ద్వారం మూసివేయడం అక్కడి నియమం. మేము పరుగున చేరేసరికి మూసివేశారు. తప్పు వారిది కాదు. పిలుపు కోసం వచ్చినవారము పిలుపు సంగతే మరిచాము.

మరునాటి ఉదయం వేరొక విమానంలో వెళ్ళాము. ముందురోజు రాత్రి వరకు ఘనపాఠిగారికి తెలివి ఉన్నదట. వాకిలి వైపే చూశారట. మేము చేరేసరికి స్పృహ తప్పింది. వారి చెవి దగ్గర కూర్చొని ఘన ఆరంభించాము. బాల్యం నుండి ఎదురెదురుగా కూర్చొని ఒకే స్వరంగా చెప్పిన పన్నం అది. ఆనాడు మా గొంతు ఒక్కటే వినిపించింది. ఆ మధ్యాహ్నమే వారు శరీరం విడిచారు.

కఠోపనిషత్తులోని నచికేతుని కథ మీరు వినియే ఉంటారు. ఆ బాలుడు యముని ఇంట మూడు రాత్రులు ఆహారం లేక వేచి ఉన్నాడు. యముడు తిరిగివచ్చి, అతిథి పస్తున్నందుకు నొచ్చుకొని మూడు వరాలిచ్చాడు. మూడవ వరంగా, మరణించిన పిదప ఆత్మ ఉన్నదా లేదా చెప్పుమని బాలుడు అడిగాడు. దానికి మారుగా దీర్ఘాయువు, ఏనుగులు, గుర్రాలు, బంగారం, రథాలతో వాద్యాలతో కూడిన దివ్యాంగనలను ఇస్తానని యముడు ఆశ చూపాడు. నచికేతుడు అవి వలదన్నాడు. తాను అడిగినదే అడిగాడు.

ఈ కథ ఎన్నోసార్లు చెప్పిన మాకు ఆనాడు కొత్తగా అర్థమైంది. అసలు పరీక్ష ఆకలి రాత్రులలో జరగలేదు, సుఖం ఎదుటికి వచ్చినప్పుడు జరిగింది. మధుకరం ఎత్తుకొని చదివిన రోజులలో, అరకడుపుతో కూడ మేము ఒక్క పాఠానికి ఆలస్యం కాలేదు. మెత్తని కుర్చీలో ఒక్క గంట నిలువలేకపోయాము.

ఒకప్పుడు ఇక్కడి మత్స్యకారులలో ఒక పెద్దాయనను, వేటకు ముందు ఇసుకలోనే నిద్రిస్తే వేళ ఎలా తెలుస్తుందని అడిగాము. “ఒడ్డున తొంగుంటాం గానండి పంతులుగోరూ, సెవి మాత్రం సంద్రం మీదే ఉంటాదండి” అన్నాడు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధంలో కూడ మీరు వలలు బాగుచేసుకొంటారు, పడవలకు మరమ్మతు చేసుకొంటారు. అది బయలుదేరవలసినవారి విశ్రాంతి. మాది కేవలం నిద్ర.

విశ్రాంతి దోషం కాదు. అయితే ఎందుకు బయలుదేరామో మరిపించే విశ్రాంతి దోషం. వేళ చూపే పలకకు ఎదురుగా కూర్చోండి. మీ కోసం వాకిలి చూసే పెద్దలెవరైనా ఉంటే, సుఖంగా కూర్చోకముందే వెళ్ళి కలవండి. మాకు తప్పిపోయిన ఆ ఒక్క సాయంకాలం మీలో ఎవరికీ తప్పిపోకూడదని స్వామిని ప్రార్థిస్తూ సెలవు తీసుకొంటున్నాము.

స్వస్తి.