పీఠిక అప్పజెబితే చాలదు



బడుల్లో రాజ్యాంగ పీఠిక చదివించాలని కర్ణాటక ప్రభుత్వం 2023లో నిర్ణయించింది. సంతోషం. కానీ అప్పజెప్పడం వేరు, అడగడం నేర్చుకోవడం వేరు. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వీలు కల్పించాలని 350ఎ రాష్ట్రాలకు చెబుతోంది. పొరుగు రాష్ట్రాల్లో పెరుగుతున్న మన తెలుగు పిల్లల్లో ఎందరికి ఇది తెలుసు?

కొరడాలతో కొట్టబోతుంటే పౌలు తన రోమా పౌరసత్వాన్ని గుర్తుచేశాడు. సహస్రాధిపతి భయపడ్డాడని అపొస్తలుల కార్యములు 22లో చదువుతాం. హక్కు తెలుసు గనుకే అడిగాడు.

ప్రతి ప్రభుత్వ హైస్కూల్లో రాజ్యాంగం తప్పనిసరి పాఠం కావాలని కోరదాం. అందాకా యూత్ మీటింగుల్లో నెలకొక అధికరణం చదువుదాం, మనకోసమే కాదు, పొరుగువాని కోసం కూడా.