పుండు మానినా సూది మానొద్దు



పొదుపు, అప్పు, వడ్డీ లెక్కలు ముందు మాట్లాడినవాళ్లు చెప్పినారు. నేను కుక్కకాటు గురించి నాలుగు మాటలు చెప్తాను. ఇది సంఘంలో మాట్లాడే విషయమా అనుకోవద్దండి. మన గుంతకల్లులో మాంసం అంగళ్ల కాడ, చెత్తకుప్పల కాడ కుక్కలు ఎట్లా తిరుగుతాయో మీకే తెలుసు. ప్రపంచంలో ఏటా సుమారు 59 వేల మంది రేబిస్‌తో చనిపోతారని అంచనా. అందులో మూడో వంతు మన దేశంలోనే. కరిపించుకునేవాళ్లలో వందకు 40 మంది 15 ఏళ్ల లోపు పిల్లలు.

మామూలుగా ఒంట్లోకి ఏదైనా క్రిమి వస్తే, మన రక్తంలోని కాపలా కణాలు దాన్ని పసిగడతాయి. జ్వరం వస్తాది. ఆ జ్వరమే మనకు కబురు. దోమతో వచ్చే మెదడువాపు జ్వరంలో ఆ కణాలు మెదడు దాకా పోయి పోట్లాడతాయి. ఆ పోట్లాటకు మెదడు ఇంకా వాస్తాది.

రేబిస్ వైరస్ అట్లా కాదు, అది దొంగదారి పడతాది. కరిచిన చోట కండలోంచి నరంలోకి దూరి, నరం లోపలే మెదడు వైపు పోతాది. రక్తంలో తిరగదు కాబట్టి కాపలాకు దొరకదు. దూరిన నరాన్ని చంపదు కాబట్టి గుట్టు బయటపడదు. జ్వరం ఉండదు, పుండు మానిపోతాది, మనమేమో బాగైందనుకుంటాం. ఎక్కువ మందికి ఒకటి నుంచి మూడు నెలలు ఇట్లా గడుస్తాది. తల, మొహం, చేతుల మీద కరిస్తే ఇంకా తొందరగా ముదురుతాది. నీళ్లు చూస్తే గొంతు పట్టేసే రోజు వచ్చినాక, ఎంత పెద్దాసుపత్రికి పోయినా నయం చేసే మందు లేదు.

అందుకే మనం ముందే మేలుకోవాల. సూదిమందులో ఉండేది చచ్చిన వైరస్. దొంగ మొహం ఇది అని మన కాపలాకు చూపించడమే దాని పని. కాపలా తయారు కావడానికి వారం, పది రోజులు పడతాది. రక్తం వచ్చేట్టు కరిస్తే, ఆలోగా అడ్డం నిలబడడానికి పుండులోనే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ఇంకో మందు వేస్తారు. ఆసుపత్రిలో అడిగి వేయించుకోండి.

కరిచిన వెంటనే కొళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసరు పెట్టొద్దు. మంత్రం, తాయెత్తు నరంలోని వైరస్‌ను ఆపలేవు. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి పోండి, సూది ఉచితం. బొడ్డు చుట్టూ 14 సూదులని ఇంకా భయపడేవాళ్లున్నారు. గొర్రె మెదడుతో చేసిన ఆ పాత మందును 2004లోనే ఆపేసినారు. కొందరికి దాని వల్ల సొంత కాపలానే మెదడు మీద తిరగబడేది. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో భుజాలకు చర్మంలో వేస్తారు. మొదటి సూది తర్వాత 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు మళ్లీ వేయించుకోవాల. గర్భిణులు, బాలింతలు కూడా వేయించుకోవచ్చు. పథ్యం అక్కర్లేదు.

చానా మంది రెండు సూదులతో ఆపేస్తారు. పుండు మానింది, ఇంకోసారి పోతే కూలి పోతాదని. పనికని బెంగుళూరు పోయేవాళ్లు ఆసుపత్రి చీటీ వెంట పెట్టుకోండి. మిగతా సూదులు అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో వేయించుకోవచ్చు.

సంఘాలకు నాదొక మనవి. మీటింగు పుస్తకంలో కంతుల తేదీ రాసినట్టే, కుక్క కరిచినవాళ్ల సూది తేదీలు కూడా రాద్దాం. కంతు కట్టకపోతే ఇంటికి పోయి అడుగుతాం కదా, సూదికి పోకపోయినా అట్లే అడుగుదాం. బస్సు చార్జీకి, పోయిన కూలికి అంతర్గత అప్పు వెంటనే ఇద్దాం.

ఇంకొక్క మాట. కుక్క గీరినా, కరిచినా తిడతారని పిల్లలు దాచిపెడతారు. "చెప్పు నాయనా, కొట్టను" అని ఈ రాత్రే ఇంట్లో చెప్పండి. వాళ్ల ఒళ్లు మనకు కబురు పంపదు, పిల్లోడు నోరు తెరిచి చెప్తేనే మనకు తెలిసేది.