తుపాకి గొట్టము - దాని ఆయుర్దాయము

ఉక్కుతో చేసిన వస్తువు కలకాలము నిలుచునని మన నమ్మకము. నాగలి కర్రు అరుగును, గునపము మొన అరుగును; కాని తాతల నాటి తుపాకి మాత్రము గోడకు వ్రేలాడుచు అట్లే మెరయుచుండును. అందుచేత రైఫిలు గొట్టము కూడ అరుగునని, ఒకనాటికి గురి తప్పునని చెప్పినచో చాలమందికి వింతగా తోచును.

గొట్టము వయస్సును ఏండ్లతో గాక, దాని నుండి వెడలిన తూటాలతో లెక్కింపవలెను. ఐదువేల తూటాలు కాల్చిన పిదప ఒక గొట్టము గురి చెడినదనుకొందము. గుండు గొట్టములో పరుగెత్తు కాలము ఒక్కొక్క మారు సెకనులో వేయవ వంతు, లేదా అంతకు కొంచెము హెచ్చు. అన్నియు కూడినను ఎనిమిది సెకనులు నిండవు. ఏండ్ల తరబడి ఒకని చేతిలో నుండిన ఆయుధము నిజముగా పనిచేసిన కాలము అంతే. ఆ కొద్ది కాలములో ఉక్కు ఏల అరిగినది? ఆ అరుగుదలలో తుపాకి పట్టినవాని అలవాట్ల పాలు ఎంత? ఈ రెండు ప్రశ్నలను నేడు విచారింతము.

మొదట గొట్టము లోపలి తీరు తెలిసికొనవలెను. రైఫిలు గొట్టములో నున్నని గోడ ఉండదు. మర చుట్టువలె మెలిక తిరిగిన చాళ్ళు ఈ చివర నుండి ఆ చివర వరకు కోయబడి యుండును. రెండు చాళ్ళ నడుమ మిగిలిన ఎత్తైన భాగమును గట్టు అనవచ్చును. గుండు ఈ గట్లను కరచుకొని, చాళ్ళ వెంట మెలిక తిరుగుచు వెలువడును. మన పోలీసులు, సైనికులు చిరకాలము వాడిన త్రీ-నాట్-త్రీ రైఫిలులో చాలు పది అంగుళములకు ఒక చుట్టు తిరుగును. గుండు వేగము సెకనుకు సుమారు 2,440 అడుగులు. అనగా అది మూతి దాటునప్పుడు సెకనుకు దాదాపు 2,900 చుట్ల చొప్పున బొంగరమువలె తిరుగుచుండును. బొంగరము తిరిగినంత సేపు నిలిచినట్లే, గుండు కూడ ఆ భ్రమణ బలము చేతనే మొన ముందుకు పెట్టి సూటిగా పోవును. ఇంత పని చేయు చాలు లోతు అంగుళములో వేయింట ఐదారు వంతులు మాత్రమే. అంత సన్నని గట్టు అరుగుటకు ఎంతో కాలము పట్టదు.

గుండు రాపిడి చేతనే గొట్టము అరుగునని సామాన్యముగా అనుకొందురు. అది కొంతవరకే నిజము. గుండు పై తొడుగు రాగి మిశ్రమ లోహముతో చేయబడి, ఉక్కుకంటె మెత్తగా నుండును. గొట్టమునకు అసలు శత్రువు మందు కాలగా పుట్టిన వాయువు. దాని వేడిమి 2,500 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతమున నుండును; ఉక్కు 1,500 డిగ్రీల లోపే కరగును. వాయువు ఒత్తిడి చదరపు అంగుళమునకు 50,000 పౌనుల వరకు పోవును. ఈ మంట ఉక్కును తాకునది లిప్తకాలమే గనుక గొట్టము కరగిపోదు. కాని లోపలి పైపొర ఒక్కసారిగా కాగి, ఉబ్బి, మరల చల్లబడి బిగిసికొనును. తూటా తూటాకు ఇట్లు జరుగగా ఆ పొర పెళుసై, వేసవిలో ఎండిన చెరువు నేలవలె నెర్రెలు విచ్చును. మరుసటి వాయువు ఆ నెర్రెలలో దూరి అంచులను పెకలించుకొని పోవును. తూటా గది దాటిన వెంటనే చాళ్ళు మొదలగు చోటును గొంతు అందురు. అరుగుదలలో అధిక భాగము అచ్చటనే జరుగును. మూతి వద్ద చూచిన కంటికి గొట్టము క్రొత్తదానివలె మెరయుచుండగా, గొంతు వద్ద గట్లు సమసిపోయి యుండవచ్చును.

ఈ సత్యమును బ్రిటిషువారు నష్టపోయి నేర్చుకొనిరి. 1888లో వారు చేపట్టిన లీ-మెట్‌ఫర్డ్ రైఫిలునకు విలియం ఎల్లిస్ మెట్‌ఫర్డ్ రూపొందించిన చాళ్ళుండెను. అవి లోతు తక్కువై, అంచులు గుండ్రముగా నుండెను. నల్లమందు మసి పేరుకొనకుండుటకు ఆ ఏర్పాటు తగియుండెను. తరువాత పొగ రాని కార్డయిటు వచ్చినది. అందు నూటికి 58 పాళ్ళు నైట్రోగ్లిసరిను. ఆ మంటకు మెట్‌ఫర్డ్ చాళ్ళు త్వరితముగా అరిగిపోయెను. అందుచేత 1895లో లోతైన, అంచులు నిలువుగా నుండు ఐదు చాళ్ళ ఎన్‌ఫీల్డ్ గొట్టము ప్రవేశపెట్టబడినది. బోయర్ యుద్ధానంతరము మందును కూడ మార్చి, నైట్రోగ్లిసరినును నూటికి 30 పాళ్ళకు తగ్గించిరి. మంట వేడి తగ్గెను. గొట్టముల ఆయువు పెరిగెను. నీలగిరులలోని అరువంకాడులో కార్డయిటు కర్మాగారము నెలకొల్పబడినదియు ఆ శతాబ్దారంభముననే.

ఇక కాల్చువాని అలవాట్లకు వత్తము. మొదటిది తూటా ఎంపిక. పెద్ద చెరువు నీటిని చిన్న తూము గుండ వదలినచో తూము కోసికొనిపోవును. గొట్టము విషయమునను అంతే. సన్నని రంధ్రము వెనుక హెచ్చు మందు పెట్టినకొలది వేగము పెరుగును, ఆయువు తరుగును. అమెరికాలో 1935లో వెలువడిన 220 స్విఫ్టు తూటా గుండును సెకనుకు సుమారు 4,000 అడుగుల వేగమున పంపెడిది. చేలను పాడుచేయు చిన్న జంతువులను దూరము నుండి కొట్టువారు దానిని మెచ్చిరి. కాని గొట్టములను తినివేయునను అపకీర్తి కూడ దానికి వచ్చినది. తెంపు లేకుండ కాల్చినవారి గొంతులు శీఘ్రముగా చెడినవి. అదే రైఫిలును నిదానముగా కాల్చి, శుభ్రముగా నుంచుకొనినవారికి చాల కాలము పనిచేసినది. దీనికి భిన్నముగా, పందెములలో వాడు పాయింట్ టూ-టూ రైఫిలులో మందు కొంచెము, గుండు మెత్తని సీసము. అందలి గొట్టము వేలకు వేలు తూటాలు ఓర్చుకొనును. గాలి రైఫిలులో మంటయే లేదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో కంచు పతకము గెలిచినది అట్టి పది మీటర్ల గాలి రైఫిలుతోనే. ఆ విద్య నేర్చువారికి గొట్టము అరుగునను దిగులు దాదాపు లేదు.

రెండవ అలవాటు, కాల్చు వడి. ఒక తూటా వేడి గొట్టము నుండి పోకముందే మరియొకటి పేల్చినచో వేడి మీద వేడి చేరును. వేడెక్కిన ఉక్కు మెత్తబడును. మెత్తబడిన ఉక్కును వాయువు సులభముగా కోసికొని పోవును. నూరు తూటాలను ఒక పూటంతయు తెరిపి ఇచ్చుచు కాల్చినవాని గొట్టమునకును, అవే నూరింటిని పావుగంటలో కాల్చినవాని గొట్టమునకును లెక్క ఒక్కటే. గాయము ఒక్కటి కాదు. మరతుపాకులు నిర్మించినవారు ఈ సంగతి మొదటనే గుర్తించిరి. వికర్స్ మరతుపాకికి గొట్టము చుట్టు నీటి తొడుగు ఉండెను. మన సైన్యము వాడిన బ్రెన్ తుపాకికి వేడెక్కిన గొట్టమును తీసి వేరొకటి తగిలించు ఏర్పాటు ఉండెను. రైఫిలునకు ఆ వసతులు లేవు. చేయి ఆనించి నిలుపలేనంత వేడి గొట్టమునకు పట్టినచో ఆగుటయే ఉపాయము. ఆగునప్పుడు తూటా గది తెరచి, ఖాళీగా నుంచవలెను. గాలి ఆడి త్వరగా చల్లబడును. అంతకంటె ముఖ్యముగా, కాగిన గదిలో విడిచిన తూటా తనంత తాను ప్రేలు ప్రమాదము తప్పును.

మూడవది శుభ్రపరచు పద్ధతి. పేల్చుట వలన చెడిన రైఫిలులకంటె తుడుచుట వలనను, తుడువకపోవుట వలనను చెడినవి తక్కువ కావు. పూర్వపు తూటాల అడుగుననున్న పేలుడు పదార్థమున పొటాసియము క్లోరేటు ఉండెడిది. అది కాలి ఒక విధమగు ఉప్పుగా మారి గొట్టమున మిగులును. వానకాలమున వంటింటి ఉప్పుజాడీ చెమ్మగిల్లినట్లే అదియు గాలిలోని తేమను పీల్చి, రాత్రికి రాత్రి త్రుప్పు పట్టించును. మన కోస్తా గాలికి ఇంకను వేగముగా పట్టును. నూనె పూసినంత మాత్రమున ఉప్పు కరగదు, నీటికే కరగును. అందుచేతనే పాతకాలపు సిపాయిలు గొట్టములో మరుగు నీరు పోసి, ఆరబెట్టి, తరువాత నూనె పూసెడివారు. 1920 దశకము చివర జర్మనీలో ఈ ఉప్పు మిగులని తూటాలు వచ్చినవి. కాని పాత సరకు ఎదురగుచోట ఆ మరుగు నీటి విద్య అవసరమే.

తుడుచుటలోను నేర్పు కావలెను. త్రీ-నాట్-త్రీ మడమలోని అరలో ఒక నూనె సీసాయు, ఒక త్రాడును ఉండెడివి. త్రాటికి గుడ్డపీలిక తగిలించి గొట్టము గుండ లాగవలెను. త్రాటిని వంకరగా లాగినచో అది మూతి అంచునకు ఒరసికొనును. బావి ఒరను చేంతాడు కోసినట్లు, దుమ్ము పట్టిన ఆ త్రాడు ఉక్కును కోయును. మూతి అంచు గుండును విడిచి పెట్టు కడపటి చోటు. అచ్చట ఒక ప్రక్క వెంట్రుకవాసి అరిగినను, వాయువు ఒక వైపున ముందుగా వెలువడి గుండును త్రోసివేయును. కావున త్రాటిని సూటిగా లాగవలెను. కడ్డీ వాడువారు వీలున్నంతవరకు తూటా గది వైపు నుండియే తోయవలెను.

గొట్టము మేలు కేవలము పందెములకు సంబంధించినది కాదనుటకు వియత్నాము యుద్ధము సాక్ష్యము. 1960 దశకపు నడుమ అమెరికా సైనికుల చేతికి వచ్చిన ఎం-16 రైఫిలు తూటా గదికి క్రోమియము పూత లేకుండెను. మందు రకము మార్చిరి. తుడుచు సామగ్రి చాలినంతగా ఈయరైరి. అడవి తేమకు గది త్రుప్పు పట్టి, కాలిన తూటా తొడుగు బయటకు రాక చిక్కుకొనెడిది. పోరు నడుమ పనిచేయని రైఫిలుతో ప్రాణములు విడిచినవారు కలరు. 1967లో తూటా గదికి, తరువాత గొట్టమంతటికిని క్రోమియము పూత వేయించిరి. క్రోమియము 1,900 డిగ్రీలకు గాని కరగదు, త్రుప్పు పట్టదు. సోవియట్ ఎ.కె. రైఫిలులు పేరుపొందుటకు ఈ పూతయు ఒక కారణము. కాని పూత ఎల్లచోట్ల సమముగా పరచుకొనుట కష్టము గనుక, వెంట్రుకవాసి గురి కోరు పందెగాండ్రు పూతలేని గొట్టమునే ఎన్నుకొందురు, అరిగినప్పుడు మార్చుకొందురు.

అరిగిన గొట్టము కొన్ని గుర్తులు చూపును. గుండ్లు మునుపటివలె ఒకచోట గుమిగూడక చెదరిపోవును. గొట్టము మిక్కిలి చెడినప్పుడు గుండు తిరుగుట చాలక పక్కవాటుగా తగిలి, కాగితముపై నిడుపాటి రంధ్రము చేయును. మెరుపును చూచి మోసపోరాదు. లైసెన్సుతో పాత తుపాకి నుంచుకొనిన ఇండ్లవారు దానిని వాడుటకు ముందు అనుమతి పొందిన ఆయుధముల పనివానికి చూపవలెను. ఉత్తర ప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినమున త్రీ-నాట్-త్రీకి వీడ్కోలు చెప్పిరనగా, శుభ్రత నెరిగిన చేతులలో రైఫిలు ఎంత కాలము నిలువగలదో ఊహింపవచ్చును.

గొట్టము అరుగునను భయముతో అభ్యాసము మానరాదు. స్వల్ప వనరులు కల ఇంటి బిడ్డకు క్రొత్త గొట్టము పెద్ద ఖర్చే. అట్టివారికి ఒక మేలైన మార్గము కలదు. తుపాకి ఖాళీగా నున్నదని ఒకటికి రెండుమార్లు చూచుకొని, గోడపై చుక్కకు గురిపెట్టి, తూటా లేకయే మీటను నొక్కుట నేర్వవలెను. ఊపిరి నిలుపుట, చేయి కదలకుండుట, తొందర అణచుకొనుట ఇవి అన్నియు ఆ విధముగనే అబ్బును. కొన్ని పాయింట్ టూ-టూ రైఫిలులకు ఖాళీ దెబ్బ హాని చేయును గనుక, వాటిలో మందులేని బొమ్మ తూటా ఉంచవలెను. ఇట్లు సాధన చేసినవాడు మైదానమున పది తూటాలతో నేర్చుకొనునది, తొందరపాటు వాడు నూరింటితోను నేర్వలేడు. ఎనిమిది సెకనుల ఆయువులో ఒక్కొక్క తూటాకు దక్కునది రెప్పపాటులో వందవ వంతైన లేదు. దానిని ఆలోచించి వాడినవానికి గొట్టము అరిగినను నష్టము లేదు; అరుగులోపల వానికి గురి కుదిరియుండును.