విద్యార్థులకు ఉమ్మడి బుక్‌మార్కు పట్టిక
(నానక్‌రామ్‌గూడ వార్షిక మహాసభయందలి ఉపన్యాసము)



పూర్వము విద్యార్థికి గ్రంథము దొరకుటయే దుర్లభముగ నుండెను. ఆ కొఱతను దీర్చుటకే 1901వ సంవత్సరమున కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పిరి. నేటి కొఱత వేఱు. ఎన్.సి.ఇ.ఆర్.టి. పాఠ్యపుస్తకములు, ఐ.ఐ.టి. ఆచార్యుల ఎన్.పి.టి.ఇ.ఎల్. ఉపన్యాసములు, టి-సాట్ వారి తెలుగు పాఠములు అంతర్జాలమున ఉచితముగనే లభించుచున్నవి. ఇందులో తనకు దగిన దేదియో చెప్పువారే కఱవు. ఈ నానక్‌రామ్‌గూడలోని ఇంజనీరు బిడ్డ యింటనే తల్లిదండ్రుల నడుగును. పాలమూరు పల్లెలోని కూలివాని బిడ్డ యెవరి నడుగవలెను?

ఈ లోపమును దీర్చు సాధన మొకటి గలదు. అంతర్జాలమున మంచి పుట కనబడినపుడు దాని లంకెను దాచుకొనుటను బుక్‌మార్కు అందురు. ఆ లంకెలను ఒక్కని యంత్రమున దాచక, పలువురు చూచి చేర్చునట్లు ఉమ్మడిగ నుంచుటయే సామాజిక బుక్‌మార్కింగు. 2003లో జాషువా షాక్టర్ అను అమెరికా దేశీయుడు డెలీషియస్ అను పేర దీనిని ప్రచారమునకు దెచ్చెను. గ్రంథాలయమున పుస్తక మొక యరలోనే యుండును. ఇచ్చట ఒకే పాఠమునకు ‘గణితము’, ‘పదవ తరగతి’, ‘తెలుగు’ అని మూడు ట్యాగులు తగిలింపవచ్చును. ఏ పేరున వెదకినను అది చేతి కందును.

అయితే క్రమములేని పట్టిక చెత్తకుప్పతో సమానము. ఒకరు ‘భౌతికశాస్త్రము’ అనియు, వేఱొకరు ‘ఫిజిక్స్’ అనియు వ్రాసినచో ఒకే విషయము రెండు ముక్కలగును. కావున ట్యాగుల పేర్లు ముందే నిర్ణయింపవలెను. ప్రతి లంకెతోడను అది యెవరికి, ఎంతవఱకు పనికివచ్చునో ఒక వాక్యము వ్రాయవలెను. ఉపాధ్యాయుడు చూడనిదే యేదియు చేర్పరాదు. ఆఱు మాసముల కొకపరి చెడిన లంకెలను దీసివేయవలెను. పట్టిక నకలు మనవద్ద నుంచుకొనవలెను. ఏలన, లక్షలాది జనులు నమ్మిన డెలీషియస్సే చేతులు మాఱి మాఱి, 2017లో పిన్‌బోర్డు వశమై, క్రొత్తవి చేర్చుటకు వీలులేని దాయెను.

మన ధనముతో, మన శ్రమతో చేసిన పట్టిక మన కులపు బిడ్డలకే యుండవలెనని కొందఱు తలపవచ్చును. వసతిగృహమున గదులు లెక్కకు లోబడినవి గావున అచ్చట ఆ మాట కొంత చెల్లును గాని, పట్టిక యెందఱు చదివినను తరుగదు. పైగా ఇతరులు చేర్చిన లంకెలు మన బిడ్డలకును లాభించును. తలుపు మూసిన పట్టిక పెరుగజాలదు.

పోషకులారా! దీనికి భవనము వలదు, శిలాఫలకము వలదు. ఈ ప్రాంతపు కార్యాలయములలో పనిచేయు మన యువతీయువకులు వారమున కొక గంట, ఉపాధ్యాయులు మఱియొక గంట యిచ్చినచో చాలును. చందాపుస్తకమున ధనము ప్రక్కన గంటలనుగూడ వ్రాయింపుడు. మొదట పదవ తరగతి గణితముతో ఆరంభింతము. వచ్చు మహాసభనాటికి ఒక పల్లెబిడ్డయే ఆ పట్టికను మనయెదుట తెఱచి చూపునట్లు మీరెల్లరు పూనుకొనవలెనని మనవి చేయుచు విరమించుచున్నాను.