సెకండ్ హ్యాండ్ కాటమరాన్ కొనే ముందు ఈ వీడియో చూడండి | లాల్ దర్వాజా గల్లీ నుంచి హుస్సేన్ సాగర్ దాకా

పోయిన ఎపిసోడ్‌లో సెకండ్ హ్యాండ్ బైక్ ఎట్లా చూసి కొనాలో మాట్లాడుకున్నాం. ఈరోజు సెకండ్ హ్యాండ్ పడవ. నవ్వకండి. లాల్ దర్వాజా గల్లీలో పుట్టినోనికి పడవేందిరా అని మా ఇంట్లో కూడా మస్తు నవ్విండ్రు. కానీ మేం నలుగురం ఫ్రెండ్స్ కలిసి నిజంగానే ఒక పడవ కొన్నాం. కొన్నాక ఏమేం తప్పులు చేశామో అన్నీ చెప్తా. మీకు పడవ కొనే ఆలోచన లేకపోయినా చివరిదాకా చూడండి. ఎందుకంటే నలుగురు కలిసి ఏది కొన్నా ఇదే కథ.

ముందు కాటమరాన్ అంటే ఏంటో చూద్దాం. రెండు సన్నటి హల్స్ ఉంటాయి. హల్ అంటే నీళ్ళలో తేలే పొడవాటి డొల్ల భాగం. ఆ రెండింటినీ అల్యూమినియం ఫ్రేమ్‌తో కలుపుతారు. మధ్యలో ట్రాంపోలిన్ అని గట్టి బట్ట బిగిస్తారు, మనం దాని మీదే కూర్చుంటాం. పైన తెరచాప. ఇంజన్ ఉండదు, గాలే పెట్రోల్.

పేరు మాత్రం మన పక్కదే. తమిళంలో కట్టుమరం, అంటే కట్టిన కొయ్య. మన విశాఖ, శ్రీకాకుళం తీరంలో దాన్నే తెప్ప అంటారు. నాలుగైదు దుంగలు తాళ్ళతో కట్టి అలల మీదికి వెళ్ళేవాళ్ళు. ఇంగ్లీషు వాళ్ళు ఆ మాట పట్టుకెళ్ళి చివరికి రెండు హల్స్ పడవకి పెట్టేశారు. 1876లో నథానియెల్ హెరెషాఫ్ అనే అమెరికన్ డిజైనర్ తన రెండు హల్స్ పడవని న్యూయార్క్ పోటీలో దింపితే అది మామూలు పడవలన్నిటినీ దాటేసింది. దాంతో అలాంటి పడవలు పోటీకి వద్దన్నారు. అంత స్పీడ్.

మేం కొన్నది హోబీ 16. కాలిఫోర్నియాలో సర్ఫ్‌బోర్డులు చేసే హోబీ ఆల్టర్ 1970 ప్రాంతంలో దీన్ని తెచ్చాడు. ప్రపంచమంతా లక్షకు పైగా అమ్ముడైంది. పొడవు 5.05 మీటర్లు, వెడల్పు 2.41 మీటర్లు, బరువు సుమారు 145 కిలోలు. మాస్ట్, అంటే తెరచాప కట్టే స్తంభం, 26 అడుగులకి పైనే. ఈ అంకెలన్నీ నాకు ఇప్పుడు నోటికొచ్చు. కొనే ముందు ఒక్కటీ తెల్వదు.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు ఒక ఆదివారం హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్‌కి వెళ్ళా. నాలుగొందల అరవై ఏళ్ళ కింద ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో తవ్విన చెరువు అది. ట్యాంక్‌బండ్ మీద బస్సుల్లోంచి చూడటమే తప్ప దాని మధ్యలోంచి సిటీని ఎప్పుడూ చూడలేదు. ఇంజన్ చప్పుడు లేదు, హారన్ లేదు. ఆ రోజే పిచ్చి పట్టింది. నలుగురం తలా 60 వేలు వేసుకున్నాం, మొత్తం 2 లక్షల 40 వేలు. మాలో ఒకడు అప్పటికే జాబ్ పోయి ఖాళీగా ఉన్నాడు. వాడి 60 వేలు సేవింగ్స్‌లోంచి వచ్చినవి. ఆ సంగతి మాకు తెలుసు. తెలిసి కూడా వద్దనలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

పడవ తీరంలో ఒక ఊళ్ళో ఉంది. ఫోటోల్లో తళతళ మెరుస్తోంది. కొత్త పెయింట్. వెళ్ళి చూసే ఓపిక లేక వీడియో కాల్‌లో బేరం అయిపోయింది. హల్స్, ఫ్రేమ్ విడదీసి డీసీఎంలో వేసి పంపారు. మాస్ట్ పట్టక పైన కట్టి, చివర ఎర్ర గుడ్డ కట్టారు. పొద్దున అయిదింటికి డీసీఎం మా గల్లీ మొదట్లో ఆగింది. మాస్ట్ మూల తిరగలేదు. పైన చూస్తే కరెంటు తీగలు. పక్కింటి చాచా వచ్చి, "క్యా మియా, రాకెట్ ఛోడ్రే క్యా?" అన్నాడు. చివరికి తలకింత భుజం మీద మోసుకొచ్చాం.

ఇక్కడ ఒక సీరియస్ మాట. మాస్ట్ అల్యూమినియం, తీగకి తగిలితే మనిషి పోతాడు. అమెరికాలో అలాంటి ప్రమాదాలు జరిగాకే 1980లలో హోబీ మాస్ట్ పై భాగాన్ని కరెంటు పారని ఫైబర్‌తో చేయడం మొదలుపెట్టారు. పాత పడవ కొంటే పై భాగం ఏదో ముందు చూడండి. ఫైబర్ ఉన్నా సరే, తీగల కింద మాస్ట్ నిలబెట్టొద్దు.

మా నాన్న బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైర్ అయిండు. ఆయన పడవ చుట్టూ ఒకసారి తిరిగిండు. జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి హల్ మీద కొట్టుకుంటూ పోయిండు. టక్, టక్, టక్... ముందు భాగంలో డబ్, డబ్. బొటనవేలితో నొక్కితే లోపలికి పోయింది. "కుండ కొనేటప్పుడు గూడ కొట్టి చూస్తరు కదరా" అన్నడు. అంతే, ఇంకేమీ అనలేదు. తిట్టినా బాగుండు.

సంగతేంటంటే, ఈ హల్స్ పైనా కింద ఫైబర్, మధ్యలో ఫోమ్. ఏళ్ళ తరబడి ఎండలో, వానలో ఉంటే ఆ పొరలు విడిపోతాయి. పైన పెయింట్ వేస్తే కనబడదు. రిపేరుకి, కొత్త వైర్లకి, ట్రాంపోలిన్‌కి, లారీ ఖర్చుకి కలిపి ఇంకో లక్షా పది వేలు. అంటే పడవ ధరలో దాదాపు సగం. అప్పుడు మొదలైంది లొల్లి. జాబ్ లేని ఫ్రెండ్ నా దగ్గర లేవన్నాడు. ఇంకొకడు, మరి నీ వాటా ఎవడు కట్టాలన్నాడు. కాగితం మీద ఏమీ రాసుకోలేదు కదా, ఎవడి మాట వాడిది. వాడు గ్రూప్‌లోంచి ఎగ్జిట్ అయిపోయాడు. చిన్నప్పటి నుంచి బోనాల్లో పోతరాజు వెనక కలిసి ఎగిరినోళ్ళం, ఆరు నెలలు మాట్లాడుకోలేదు.

మిగిలిన ముగ్గురం రిపేర్ చేయించి, ఒక క్లబ్బులో చేరి, జూలైలో నీళ్ళలోకి దింపాం. మన దగ్గర వానాకాలంలోనే మంచి గాలి. ఆ రోజు ఇద్దరమే వెళ్ళాం. నా బరువు 58, వాడిది 61. గాలి ఒక్కసారి పెరిగింది, ఒక హల్ లేచింది, సినిమా లెవెల్లో ఉంది అనుకునేలోపే బోల్తా. లైఫ్ జాకెట్లున్నాయి కాబట్టి మాకేం కాలేదు. పక్కకి పడ్డ కాటమరాన్‌ని లేపాలంటే తాడు పట్టుకుని, హల్ మీద నిలబడి, వెనక్కి వాలాలి. హోబీ 16కి సుమారు 130 నుంచి 140 కిలోల బరువు కావాలి. మేమిద్దరం కలిపి 119. ఎంత వేలాడినా లేవలేదు. ఇంతలో మాస్ట్ లోపలికి నీళ్ళు పోయి మొత్తం తలకిందులైంది. మాస్ట్ కొస బురదలో దిగింది. రెస్క్యూ బోటు వచ్చేదాకా నలభై నిమిషాలు నీళ్ళలోనే ఉన్నాం. ఒడ్డు కనిపిస్తూనే ఉంది, ట్యాంక్‌బండ్ మీద జనం సెల్ఫీలు తీసుకుంటూనే ఉన్నారు. నాకు ఈత వచ్చు. వాడికి అంతంత మాత్రం. అది నేను అడగనే లేదు.

సరే, ఇప్పుడు పాత పడవ చూడటానికి వెళ్తే ఏం చేయాలో చెప్తా. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఒకటి, రూపాయి బిళ్ళతో హల్స్ మొత్తం కొట్టండి, బొటనవేలితో నొక్కండి. మాస్ట్ నిలబడే చోటుకి ముందు భాగం ముఖ్యం. 
రెండు, హల్ మీద సబ్బు నీళ్ళు రాసి, వెనక డ్రెయిన్ రంధ్రంలోంచి నోటితో మెల్లగా ఊదండి. బుడగ వచ్చిన చోట లీకు. కంప్రెసర్ పెట్టొద్దు, అతుకులు విడిపోతాయి. 
మూడు, మాస్ట్‌ని పట్టి ఉంచే స్టీలు వైర్లలో ఒక్క పోగు తెగినా మొత్తం సెట్ మార్చే ఖర్చు లెక్కలో వేసుకోండి. 
నాలుగు, ఫ్రేమ్ పట్టుకుని ఊపండి, లొడలొడ అనకూడదు. చుక్కాని కూడా అంతే. 
అయిదు, ట్రాంపోలిన్ కుట్లు గోటితో గీకండి. ఎండకి మాడితే దారం పొడి పొడిగా రాలుతుంది. 
ఆరు, మీ ఇద్దరి బరువు కలిపి చూసుకోండి. తక్కువైతే మూడో మనిషి ఉండాలి, లేదంటే చిన్న పడవ చూసుకోండి.

కొత్తది కొంటే ఈ తలనొప్పి లేదు కదా అంటారా? లేదు, కానీ వేరే లెక్క ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సరదా పడవలు, స్పోర్ట్స్ పడవల మీద జీఎస్టీ 40 శాతం. బయటి దేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్, షిప్పింగ్ అదనం. ఇంకో మాట, మన సాగర్‌లో ఎక్కువ కనిపించేవి లేజర్, ఆప్టిమిస్ట్ లాంటి ఒక్క హల్ పడవలు. పక్కనోడి దగ్గర ఉన్న పడవే మీరూ కొంటే, ఒక బోల్ట్ పోయినా అడగడానికి మనిషి ఉంటాడు. మాకు ఒక చుక్కాని పార్ట్ కోసం రెండు నెలలు పట్టింది.

పడవ ఉంది కదా అని కనబడ్డ చెరువులో దింపకండి. మేం కూడా జూ పక్కన మీర్ ఆలం చెరువు ఉంది కదా, ఇంటికి దగ్గర, అనుకున్నాం. పర్మిషన్, రెస్క్యూ బోటు, లోతు తెలిసిన మనిషి, ఈ మూడూ ఉన్న చోటే దిగాలి. అందుకే ముందు క్లబ్బులో నేర్చుకోండి. 2009లో మొదలైన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ఇక్కడే ఉంది, సర్కారు బడి పిల్లలు కూడా అక్కడ నేర్చుకుని జాతీయ పోటీల దాకా వెళ్ళారు. ఒక సీజన్ మొత్తం వేరేవాళ్ళ పడవ నడపండి. అప్పటికీ పిచ్చి తగ్గకపోతే కొనండి.

లాస్ట్ మాట. పోయిన ఎండాకాలం భీమిలి వెళ్ళినప్పుడు ఒక పెద్దాయన తన చిన్నప్పటి తెప్పల గురించి చెప్పాడు. వేట నుంచి రాగానే కట్లు విప్పి, దుంగల్ని ఇసుకలో ఆరబెట్టేవాళ్ళట. మళ్ళీ వెళ్ళేటప్పుడు మళ్ళీ కట్టుకోవాలి. రోజూ ఇంత పనేంటి తాతా అంటే, "నానిపోయిన దుంగ మనిషిని మొయ్యదు బాబూ" అన్నాడు. మా హల్‌కి పట్టిన జబ్బు కూడా అదే కదా, లోపల తడి. ఇప్పుడు మేం ప్రతిసారీ డ్రెయిన్ ప్లగ్గులు తీసి, నీళ్ళు వంచి, ఆరబెట్టి, కవర్ కప్పే ఇంటికి వస్తాం. గంట నీళ్ళ మీద ఉంటే గంటన్నర ఒడ్డున పని. పడవ కొనడం అంటే ఆ గంటన్నర కొనడం.

ఆ ఫ్రెండ్ సంగతి అడుగుతారు కదా. వాడి 60 వేలు మేం ముగ్గురం నెలకి 5 వేల చొప్పున కట్టేశాం. పన్నెండో నెల డబ్బులిచ్చేటప్పుడు నేనే వాళ్ళింటికి వెళ్ళా. చాయ్ తాగుతూ వాడు అడిగిన మొదటి మాట, "ఇంతకీ ఆ రోజు ఎట్ల పడ్డదిరా?" అని. వాడి బరువు 82 కిలోలు. ఇప్పుడు వాటా లేదు, ఆదివారం మాత్రం వస్తున్నాడు. ఈసారి అన్నీ కాగితం మీద రాసుకున్నాం: ఎవరెంత, రిపేర్ ఎవరిది, మధ్యలో వెళ్ళిపోతే లెక్కేంటి. ఎవరికి ఈత వచ్చు అనేది కూడా.

మీరు ఫ్రెండ్స్‌తో కలిసి ఏదైనా కొని ఇలాగే ఇరుక్కుంటే రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటా మరి.