శాసనసభలో ప్రశ్న – రహదారిపై ప్రాణము
(జగిత్యాల పఠనమందిరమున నొక న్యాయవాది చేసిన యుపన్యాసము)



రహదారుల భద్రతను గూర్చి మాటలాడుమని నన్ను కోరితిరి. ఇది ఇంజనీరు చెప్పవలసిన విషయము గాని వకీలు చెప్పవలసినది కాదని కొందఱనుకొనవచ్చును. మలుపు నెట్లు సరిచేయవలెనో, అంచుగోడ నెంత యెత్తున కట్టవలెనో ఇంజనీరుకు తెలియును. కాని ఆ పని ఏల జరుగలేదని సర్కారు నడుగు నధికార మెవ్వరిది? అది ప్రజలది, ప్రజల పక్షమున శాసనసభ్యునిది. కావున నేడు నేను మలుపులను గూర్చి గాక ప్రశ్నను గూర్చి విన్నవించెదను.

2018 సెప్టెంబరు 11వ తేదీ మంగళవారమును మన జిల్లా మఱవలేదు. శనివారంపేట నుండి జగిత్యాలకు వచ్చుచున్న ఆర్టీసీ బస్సు కొండగట్టు ఘాటురోడ్డు దిగుచు లోయలో పడినది. ఆసనముల సంఖ్యకు చాల మించి అందులో నూఱుమందికి పైగా జనులుండిరి. అఱువది మందికి పైగా మరణించిరి. వారిలో పెక్కుమంది కొడిమ్యాల మండలపు పల్లెల వారు. ఒక్క దినమున ఒకే ఊరినుండి పలు పాడెలు లేచినవి.

ఆ ఘోరమునకు సరిగా ఐదు దినములు ముందు, సెప్టెంబరు 6వ తేదీన, తెలంగాణ శాసనసభ రద్దయినది. డిసెంబరు 7న ఎన్నికలు జరిగినవి. క్రొత్త సభ 2019 జనవరి 17న గాని కొలువుదీరలేదు. నాలుగు మాసములకు పైగా ఆ పల్లెలు ఓటువేసి పంపిన సభ్యుడు లేచి నిలిచి ప్రశ్నించుటకు సభయే లేదు. శాసనమండలి రద్దుకాని సభయే. కాని అది పల్లెవారు నేరుగా ఎన్నుకొన్న సభ కాదు. మంత్రులు వచ్చిరి, పరిహారము ప్రకటించిరి, ఒక యధికారిని సస్పెండు చేసిరి. పరిహారము కన్నీరు తుడుచుటకు పనికివచ్చును, కారణమును తుడువజాలదు. కారణమును బయటికి లాగునది ప్రశ్న యొక్కటియే.

ఈ ప్రశ్నాధికారము మనకు ఊరక వచ్చినది కాదు. ఇంగ్లండులో ప్రభువుల సభయందు మంత్రిని మొదటిసారి ప్రశ్నించినది 1721లో నని ఆ సభ చరిత్ర చెప్పుచున్నది. మన దేశమున 1861 నాటి కౌన్సిళ్ల చట్టము సభ్యునకు ప్రశ్నించు హక్కే ఈయలేదు. 1892లో ప్రశ్న నడుగవచ్చుననిరి. జవాబు విని కూర్చుండవలసినదే గాని దానిపై మఱొక ప్రశ్న వేయరాదనిరి. 1909లో గాని ఉపప్రశ్నకు త్రోవ దొరకలేదు. అది బ్రిటిషు ఇండియా కథ. మన నిజాము రాజ్యమున ఆపాటి కూడ లేదు. 1935లో మన సిరిసిల్లలోనే మాడపాటి హనుమంతరావుగారి యధ్యక్షతను ఆంధ్రమహాసభ నాల్గవ సమావేశము జరిగినది. సభ జరుపుకొనుటకే సర్కారు అనుమతి కావలసిన కాలమది. ఆ పెద్దలు తీర్మానములు చేసిరి, విన్నపములు పంపిరి; మంత్రిని నిలబెట్టి జవాబు చెప్పుమని యడుగు హక్కు వారికి లేదు. వారికి లేని హక్కు మనకున్నది. ఉన్న హక్కును తుప్పు పట్టనిచ్చుట పూర్వుల శ్రమ నవమానించుటయే యగును.

ఇక ప్రశ్న యెట్లుండవలెను? ప్రమాదము జరిగిన మరునాడు మొదట వినబడు మాట "డ్రైవరు తప్పు" అనునది. కొండగట్టు బస్సు డ్రైవరు కూడ ఆ ప్రమాదముననే మరణించెను. చనిపోయినవాడు జవాబు చెప్పజాలడు గనుక నింద వానిపై వేయుట సులభము. డ్రైవరు తప్పు చేయడని నే ననను. కాని అతని వెనుక వరుసగా నిలిచిన వారి నడుగక అతని నొక్కని నడుగుట న్యాయము కాదు. ఆ దారిని బస్సు నడుపుమని నిర్ణయించిన దెవరు? ఆ బండికి యోగ్యతా పరీక్ష ఎప్పుడు జరిగినది? ఆ వేళకు ఆ దారిలో మఱొక బస్సు లేకపోవుటకు కారణమేమి? ఆ వాలును, ఆ మలుపును పరీక్షించి దస్త్రములో వ్రాసిన దెవరు? ఈ నాలుగింటికిని లిఖితపూర్వకముగ జవాబు వచ్చిననాడు తప్పు ఎక్కడ నున్నదో దానంతట అదే బయటపడును.

చట్టము లేకకాదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు ఎనిమిది గంటలు, వారమునకు నలువది యెనిమిది గంటలు మించి సామాన్యముగ పని చేయింపరాదని 2025 వఱకు విధించినది. 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేసిన సవరణలో పరిమితికి మించి ఎక్కించుకొన్న ఒక్కొక్క ప్రయాణికునికి 200 రూపాయల జుర్మానా గలదు. నడిపినవానికే గాక, నడుపనిచ్చినవానికిని అది వర్తించును. ఆ సవరణలోనే 198-ఏ యను సెక్షను చేరినది. రహదారి నిర్మాణములోనో నిర్వహణలోనో నియమములు పాటింపక ప్రాణనష్టము కలిగినచో, బాధ్యతగల యధికార సంస్థకు, కంట్రాక్టరుకు లక్ష రూపాయల వఱకు జుర్మానా విధింపవచ్చును. మన జిల్లాలలో ఈ సెక్షను క్రింద నెన్ని కేసులు పెట్టిరి? ఇది శాసనసభలో అడుగదగిన ప్రశ్న. సర్కారే బస్సు నడుపు యజమాని, సర్కారే జుర్మానా వేయు అధికారి యైనచోట మూడవవాడు అడుగనిదే న్యాయము కదలదు. ఆ మూడవవాడే శాసనసభ్యుడు.

రవాణా విధానము వేఱు, రోడ్డు భద్రత వేఱు అనుకొనుట పొరపాటు. 1932లో నిజాము రైల్వేవారు 27 బస్సులతో ప్రారంభించిన రోడ్డు రవాణా శాఖయే మన ఆర్టీసీకి మూలము. 2019 అక్టోబరు 5న మొదలైన సమ్మె నవంబరు 25 వఱకు సాగినప్పుడు బస్సు లేని పల్లె యెట్లుండునో మనము చూచితిమి. జనులు ఆటోల కడ్డీలు పట్టుకొని వ్రేలాడిరి. 2023 డిసెంబరు 9 నుండి స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణము లభించినది. బీడీలు చుట్టు తల్లి కోరుట్ల ఆసుపత్రికి, కూలికిపోవు చెల్లెలు సిరిసిల్లకు చేతిలో పైసా లేకున్నను పోగలుగుట మంచిదే. దానిని నిందించుట నా యుద్దేశము కాదు. కాని ఎక్కువారు పెరిగినప్పుడు బస్సులెన్ని పెరిగినవి? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల డిపోలలో ఎన్ని బండ్లు కాలము చెల్లినవి? డ్రైవరు ఖాళీలెన్ని? బస్సుల సంఖ్య పెంపక ప్రయాణికుల సంఖ్య పెంచిన, మఱల ఒక్క బండిలో నూఱుమంది యెక్కుట తప్పదు. ఔదార్యమునకు లెక్క తోడుగా నుండవలెను.

మన సీమ సంగతులు మనకు దెలియును. నిజామాబాదు నుండి మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాలల మీదుగా ధర్మపురికి పోవు 63వ నంబరు జాతీయ రహదారి ఊళ్ల నడిబొడ్డుననే సాగుచున్నది. వడ్లకోతల కాలమున అర్ధభాగము ధాన్యపు కుప్పలతో నిండును. రాత్రివేళ ఆ కుప్పలకు అడ్డుపెట్టిన రాళ్లు మోటారుసైకిలువాని కంట బడవు. రైతును తిట్టుట తేలిక. అతనికి ఆరబోసికొనుటకు కల్లము లున్నవా, ఎన్ని గ్రామములలో నున్నవి యని అడుగుట పని. సోమవారము వచ్చెనా వేములవాడ దారి భక్తులతో నిండిపోవును. ఆ దినములకు ప్రత్యేక ఏర్పాటేమి?

ప్రశ్నించిన మాత్రమున నేమగును అని నిరాశపడువారు కలరు. 2014 జులై 24న మెదక్ సీమలోని మాసాయిపేట వద్ద కాపలాలేని రైల్వే గేటున బడిపిల్లల బస్సును రైలు డీకొన్నది. ఆ పసివారి మరణమునకు దేశము కంపించెను. తరువాత 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజి మార్గములలో కాపలాలేని గేట్లనన్నిటిని తొలగించిరి. కారణ మొకటని గుర్తించి, తొలగింతుమని నిశ్చయించినచో తొలగినది. స్వీడను దేశపు పార్లమెంటు 1997లో రహదారిపై ఒక్క ప్రాణము పోవుటయు సమ్మతము కాదని తీర్మానించి, మనుష్యుడు పొరపడినను ప్రాణము దక్కునట్లు దారులను మార్పించినది. మన దేశమున నన్ననో, 2022 ఒక్క సంవత్సరముననే 1,68,491 మంది రోడ్లపై మరణించిరి. 2025 నవంబరు 3న చేవెళ్ల సమీపమున కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును డీకొని 19 మంది మరణించిరి. కొండగట్టు పాఠము మనము పూర్తిగా చదువలేదనుటకు ఇంతకంటె నిదర్శనము వలయునా?

శాసనసభ్యు డడుగలేదని నిందించుటకు ముందు మన మతని చేతికి ప్రశ్న నందించితిమా? పెండ్లికి పిలుతుము, బోరుబావి యడుగుదుము, సిఫారసు ఉత్తర మడుగుదుము. దస్త్రముతో కూడిన ప్రశ్న నిచ్చిన వారెందఱు? 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద పది రూపాయల రుసుముతో అర్జీ పెట్టినచో ముప్పది దినములలో జవాబీయవలెను. ప్రతి పఠనమందిరమున ఐదుగురు యువకులు కూడి, ఒక్కొక్కరు ఒక్కొక్క దారిని తీసికొని, ప్రమాదము జరిగిన చోట్లు, బస్సుల వేళలు, విఱిగిన కల్వర్టులు వ్రాసి యుంచవలెను. అధికారుల జవాబులను జతచేసి శాసనసభ్యున కీయవలెను. అతడు అధికారపక్షము వాడైనను సంకోచింపవలదు. తన పక్షపు మంత్రిని ప్రశ్నించుట ద్రోహము కాదు, అతని తొలి విధి. అడిగెనా, అభినందింతము. అడుగకున్న, ఓటు కొఱకు వచ్చిననాడు ఆ కాగితమునే చూపుదము.

మరణించినవారు మనల నేమియు కోరజాలరు. రేపు ఉదయము ఆ దారినే బస్సెక్కబోవువారు మన యింటివారే. వారి పక్షమున ప్రశ్న సిద్ధము చేయుటకు ఈ రాత్రియే కూర్చుందమని మీ యందఱిని ప్రార్థించుచున్నాను.