కెర్నెల్‌లో పేర్లు – చిరునామాలు

వీధి నడుమ ఒక క్రొత్త ఇల్లు లేచినచో తరువాతి ఇండ్ల నంబరులన్నియు మారును. తపాలా జవాను చేతిలో పాత జాబితాయే ఉన్నచో ఉత్తరములు పొరుగువారికి చేరును. కంప్యూటరు లోపలను ఇట్టి చిక్కే కలదు.

కంప్యూటరును నడుపు ఆపరేటింగ్ సిస్టమునకు గుండెకాయ వంటిది కెర్నెల్. 1991లో లీనస్ టోర్వాల్డ్స్ ఫిన్లాండులో ఆరంభించిన లినక్స్ కెర్నెల్‌ను ఉదాహరణముగా తీసికొందము. అందు ఫంక్షనులనబడు చిన్న చిన్న విభాగములు వేలకొలది కలవు. మనము వానిని పేర్లతో పిలుతుము. యంత్రమెరిగినది మెమరీలోని చిరునామా అంకె మాత్రమే. కెర్నెల్ పనిలో దోషము కలిగి నిలిచిపోయినప్పుడు, ఆ అంకె ఏ పేరుగల ఫంక్షనుదో చెప్పునది కాల్‌సిమ్స్ అను పట్టిక.

ఈ పట్టిక తప్పినచో ఏమగును? ఒక ఫంక్షను 1000 నుండి 1399 వరకు, మరొకటి 1400 నుండి 1799 వరకు ఉన్నవనుకొందము. వానికి ముందు 100 స్థానముల క్రొత్త భాగము చేరినది. ఇప్పుడు 1450 వద్ద దోషము కనబడినచో అది మొదటి ఫంక్షనుదే. కాని పాత పట్టిక రెండవదానిని చూపును. నిర్దోషియైన భాగమును విప్పి ఇంజనీరు వృథాగా శ్రమపడును. పట్టికయే లేనిచో తెలియదని ఒప్పుకొందుము. తప్పు పట్టిక ఉన్నచో తెలిసినదని భ్రమింతుము.

చిత్రమేమనగా, ఈ పట్టికయు కెర్నెల్ లోపలనే ఉండవలెను. దానిని చేర్చినంతనే చిరునామాలు కదలును! అందుచేత నిర్మాణ సమయమున కెర్నెల్‌ను ఒకసారి కూర్చి, పేర్లను ఏరి పట్టిక వ్రాసి, దానితో రెండవసారి కూర్తురు. మారిన చిరునామాలతో పట్టికను తిరిగి వ్రాసి, మూడవసారి కూర్తురు. తుదకు పట్టికను, తయారైన కెర్నెల్‌ను సరిపోల్చి, రెండును పొసగనిచో నిర్మాణము నిలిపివేయబడును. అప్పుడు అదనముగా మరొక విడత కూర్చు సదుపాయము కలదు. కాని అది తాత్కాలిక ఉపశమనమే. ఏ పేరు ఎందుకు కదలినదో కనుగొని, కెర్నెల్‌ను తీర్చిదిద్దువారికి తెలుపుటయే అసలు చికిత్స.

ప్రతి నిర్మాణమునకును సిస్టమ్ మ్యాప్ అను జాబితా ఒకటి వేరుగా వెలువడును. దానిని ఆ కెర్నెల్‌తోనే జతపరచి భద్రపరుపవలెను. మరొక నిర్మాణపు జాబితా పనికిరాదు. అంతేకాక, రక్షణార్థము యంత్రము మొదలైన ప్రతిసారియు చిరునామాలను ఏదో ఒక దూరము జరుపు పద్ధతి 2014లో లినక్స్‌లోనికి వచ్చినది. అది అమలులో ఉన్నచో ఆ జరిగిన దూరమును కూడ లెక్కించుకొనవలెను.

కావున, ఏ భాగముపై నైనను నింద మోపుటకు ముందు, మన చేతిలోని జాబితా ఏ నిర్మాణమునకు చెందినదో చూచుకొనుట మేలు.